హ్యాంగర్‌కీ ఒక జాయింట్ నోట్ కావాలి

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ నుంచి రాస్తున్నాను. ఈ ఊళ్ళో తెలుగు మాట కోసం వెతుక్కోనక్కర్లేదని మీకు తెలిసే ఉంటుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి మీ శ్రీకాకుళం వైపు వాళ్ళు గ్యాంగుల్లోకీ, షెడ్డులోకీ, యార్డులోకీ పనికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. బారా ఖోలీ దగ్గర సోలాపురి మాత పూజలు జరిగే రోజుల్లో వస్తే, ఇది ఛత్తీస్‌గఢ్ అని ఎవరో గుర్తు చేయాలి. మా నాన్న లోకో ఫిట్టరు. నేను మాత్రం విమానాల వైపు వెళ్ళాను. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే బి1.2 లైసెన్సు నాది. అంటే పిస్టన్ ఇంజన్ విమానం ఎగరడానికి తగినదని సంతకం పెట్టే మెకానిక్‌ని. ఫ్లయింగ్ స్కూళ్ళ సెస్నాల కిందే నా ఉద్యోగమంతా గడిచింది.

మీరు మా వైపు మనిషని మాత్రమే ఈ ఉత్తరం రాయడం లేదు. రైలు ప్రమాదం జరిగితే విచారణకు వచ్చే రైల్వే భద్రతా కమిషన్ రైల్వే బోర్డు కింద ఉండదు, మీ శాఖ కింద ఉంటుంది. ఈ సంగతి రైల్వే కాలనీలో పుట్టినవాళ్ళకు కూడా చాలామందికి తెలియదు. 2025 నవంబర్ 4న మా ఊరి పక్కనే లాల్‌ఖదాన్ దగ్గర మెమూ బండి గూడ్సును వెనక నుంచి గుద్దినప్పుడు విచారణ చేసింది ఆ కమిషనే. అంటే పట్టాల మీద తప్పును పట్టుకునే పద్ధతీ, ఆకాశంలో తప్పును పట్టుకునే పద్ధతీ రెండూ మీ గొడుగు కిందే ఉన్నాయి. మొదటిదానిలో ఉన్న ఒక మంచి అలవాటు రెండోదానిలో లేదు. దాని గురించే ఈ ఉత్తరం.

2025 జూన్ 12న అహ్మదాబాద్ విమాన దుర్ఘటన తర్వాత, ప్రాథమిక నివేదికలో రెండు ఇంజన్ల ఇంధన స్విచ్‌లు ఒక సెకను తేడాతో రన్ నుంచి కటాఫ్‌కు మారాయని చదివాక, మా బుధవారీ బజార్ టీ కొట్టులో కూడా ఇంధన స్విచ్ మీద చర్చలు జరిగాయి. అది పెద్ద విమానం. దాంట్లో రికార్డర్లున్నాయి, క్షణక్షణం లెక్క ఉంది. పైలట్ కావాలని వచ్చిన పిల్లలు 200 గంటలు ఎగిరి నేర్చుకునే చిన్న విమానంలో అలాంటి రికార్డరు సాధారణంగా ఉండదు. సెస్నా 152లో ఇంధనానికి ఉన్నది తెరిచి మూసే ఒక్క వాల్వు. పాత 172ల్లో కాళ్ళ మధ్య నేల మీద ఎడమ, రెండూ, కుడి, బంద్ అని నాలుగు గుర్తులున్న ఒక పిడి. ఇంధనం సరిగ్గా అందక ఇంజన్ దగ్గితే, ఏం జరిగిందో చెప్పే సాక్షులు ఇద్దరే: భయపడిపోయిన కుర్ర పైలట్, నేల మీదికి దిగాక ఆ విమానంలో మిగిలిన ఆనవాళ్ళు.

చిక్కంతా ఆ ఆనవాళ్ళతోనే. ఇంధన లోపాల్లో చాలావాటి ఆనవాళ్ళు విమానం దిగిన కాసేపటికే చెరిగిపోతాయి, లేదా మనమే చెరిపేస్తాం.

నేను చూసిన ఒక సంగతి చెప్తాను. ఆ స్కూలు పేరు అక్కర్లేదు, ఇప్పుడు అక్కడ నేనూ లేను. ఒక 152 మీద ఫిర్యాదు వచ్చింది. పైకి వెళ్ళిన పావుగంట, ఇరవై నిమిషాలు ఏ గొడవా ఉండదు. ఆ తర్వాత ఆర్‌పీఎం మెల్లగా జారుతుంది, ఇంజన్ వణుకుతుంది. పిల్లవాడు వెనక్కి తిప్పుకుని దించేస్తాడు. మెకానిక్ వస్తాడు, ట్యాంకు మూతలు తీసి కొలకర్ర వేసి చూస్తాడు, ఇంధనం దండిగా ఉంటుంది. మూతలు పెట్టి ఇంజన్ వేస్తాడు. పూర్తి పవర్ మీద గర్జిస్తుంది. లాగ్‌లో రాస్తాడు: గ్రౌండ్ రన్ చేశాం, సంతృప్తికరం. మర్నాడు ఇంకో పిల్లవాడు అదే విమానంలో పైకి వెళ్తాడు, అదే ఫిర్యాదుతో దిగుతాడు. కొన్నాళ్ళకు ఫిర్యాదు విమానం మీద కాక పిల్లల మీదికి మళ్ళింది. గాలీ ఇంధనం పాళ్ళు సరిచేసే మిక్స్చర్ పిడిని సరిగ్గా పెట్టడం రావట్లేదన్నారు, భయపడుతున్నారన్నారు.

అసలు సంగతి విమానాలు తుడిచి, ఇంధనం పోసే హెల్పర్‌కి తెలుసు. "మూత తీసినప్పుడు బుస్సుమంటోంది సార్" అన్నాడతను, ఎవరూ అడక్కుండానే, నా వెనక నిలబడి బకెట్ కడుక్కుంటూ.

ఆ బుస్సుమన్న చప్పుడులోనే మొత్తం జవాబుంది. పైరెక్కల సెస్నాలో ఇంధనం ట్యాంకు నుంచి ఇంజన్‌కి తన బరువుతో తానే దిగుతుంది. దిగిన మేరకు ట్యాంకులోకి గాలి రావాలి. నూనె డబ్బాకు ఒకవైపే చిల్లు పెడితే నూనె గుటకలు గుటకలుగా వచ్చి ఆగిపోయినట్టే ఇక్కడా అవుతుంది. ఆ గాలి కోసం ఎడమ రెక్క కింద, స్ట్రట్ వెనకాల, ఒక సన్నటి గొట్టం ఉంటుంది. దాన్నే వెంట్ అంటాం. ట్యాంకులు రెండూ పైన గాలి గొట్టంతో కలిసి ఉంటాయి కాబట్టి ఆ ఒక్క వెంట్ మూసుకుంటే దెబ్బ రెండింటికీ తగులుతుంది. కుడి మూతలో చిన్న వాల్వు ఉంటుంది, వెంట్ మూసుకుపోయినా గాలి ఇవ్వడానికి. కానీ దాని రబ్బరు ఎండకు అంటుకుపోతే అదీ పనిచేయదు. మట్టిగూడు కట్టే కందిరీగకు వెంట్ గొట్టం కంటే అనువైన చోటు ఎయిర్‌ఫీల్డులో ఇంకోటి దొరకదు. విమానం నాలుగు రోజులు కదలకుండా ఉంటే చాలు. మేం ఆ గొట్టంలోంచి బయటికి తీసింది చిటికెడు ఎర్రమన్ను, దాంట్లో ఎండిన సాలీడు.

ఇప్పుడు వరస చూడండి. పైన ఇరవై నిమిషాల్లో ట్యాంకులో శూన్యం ఏర్పడుతుంది, ఇంధనం దిగడం తగ్గుతుంది. కింద మెకానిక్ చేసే మొదటి పని మూత తీయడం. అంటే శూన్యాన్ని తన చేత్తో తనే వదిలేస్తాడు. ఆ తర్వాత రెండు నిమిషాల గ్రౌండ్ రన్‌లో ఆ ఇంజన్ తప్పు చూపించే అవకాశమే లేదు. మూత తీసే ముందు ఒక్క క్షణం ఆగి చెవి పెట్టి ఉంటే, లేదా మూత తీయకుండానే వెంట్ గొట్టానికి రబ్బరు ట్యూబు తగిలించి మెల్లగా ఊది చూసి ఉంటే, మొదటిరోజే తేలిపోయేది.

ఇలాంటిదే కార్బ్యురేటర్ మంచు. బిలాస్‌పూర్‌లో మంచా అని ఎవరైనా నవ్వుతారు. మా దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. కానీ ఆగస్టులో, వాన వెలిసిన ఉదయం పాతిక డిగ్రీల గాలి తేమతో బరువెక్కి ఉన్నప్పుడు, పైలట్ పవర్ తగ్గించి దిగుతుంటే కార్బ్యురేటర్ గొంతులో ఇంధనం ఆవిరై గాలిని ఇరవై డిగ్రీలకు పైగా చల్లార్చగలదు. అక్కడ మంచు పేరుకుంటుంది. ఇంజన్ ఇంధనం అందనట్టే దగ్గుతుంది. దిగి పార్కింగ్ చేరేసరికి ఇంజన్ వేడికి ఆ మంచు కరిగి ఆవిరైపోతుంది. మెకానిక్‌కి దొరికేది పొడిగా, శుభ్రంగా ఉన్న కార్బ్యురేటర్. అప్పుడు ఉష్ణోగ్రత, తేమ ఎంత, కార్బ్యురేటర్‌కి వేడిగాలి పంపే కార్బ్ హీట్ పిడి ఎప్పుడు లాగారు, లాగిన వెంటనే ఆర్‌పీఎం ఇంకా పడి తర్వాత లేచిందా అని రాసుకుని ఉంటే తప్ప ఆ కేసు తేలదు.

ఎండాకాలంలో దీనికి తిరగబడిన రోగం. ఇంజెక్షన్ ఇంజన్ ఉన్న 172ల్లో ఇంధనం గొట్టాలు వేడి సిలిండర్ల పైనుంచి వెళ్తాయి. ఇంజన్ ఆపి అరగంట ఎండలో పెడితే వాటిలో ఇంధనం ఆవిరై గొట్టాలు ఆవిరితో నిండిపోతాయి. మళ్ళీ స్టార్ట్ చేస్తే పట్టుకోదు, పట్టుకున్నా ట్యాక్సీలో తడబడుతుంది. సాయంత్రం చల్లబడ్డాక చూస్తే ఏ జబ్బూ ఉండదు. ఇది పెద్ద రహస్యమేమీ కాదు, అనుభవమున్న ప్రతివాడికీ తెలుసు. కానీ తెలుసు కదా అని ప్రతి తడబాటునూ వేడి ఖాతాలో వేసేసే అలవాటుంది చూశారూ, అది అసలు ప్రమాదం. ఒక నాజిల్‌లో చెత్త ఇరుక్కున్నా ఇంజన్ అలాగే తడబడుతుంది. దాన్ని తేల్చడానికి ఖర్చు లేని పద్ధతుంది. నాలుగు నాజిళ్ళూ విప్పి, గొట్టాలతో సహా నాలుగు ఒకే సైజు గాజు సీసాల్లో పెట్టి, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని, బూస్ట్ పంపు వేస్తే సరి. కాసేపటికి పంపు ఆపి సీసాలను ఒకే బల్ల మీద వరసగా పెట్టండి. నీలం ద్రవం మూడింటిలో ఒకే మట్టంలో ఉండి నాలుగోదాంట్లో వేలెడు తక్కువుంటే ఇక మాటలక్కర్లేదు. పన్నెండో తరగతి చదివిన పిల్లవాడికి కూడా ఆ దృశ్యం అర్థమవుతుంది. నా అనుభవంలో మాత్రం ఆ సీసాల కోసం గంట సమయం ఇచ్చే యాజమాన్యం దొరకడం కష్టం.

నీలం ద్రవం అన్నాను కాబట్టి ఇంధనం గురించి కొంచెం. మా విమానాలు తాగే ఏవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్ నీలంగా ఉంటుంది. జెట్ విమానాల ఇంధనం కిరోసిన్ జాతిది, రంగుండదు. చాలా ఏళ్ళు మనకు ఏవ్‌గ్యాస్ విదేశాల నుంచే వచ్చింది. 2022 సెప్టెంబర్‌లో ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో తయారైన దేశీయ ఏవ్‌గ్యాస్‌ను విడుదల చేసింది. అది మంచి పని, మెచ్చుకోవాలి. అయితే రిఫైనరీ గేటు దాటాక అది చిన్న ఎయిర్‌స్ట్రిప్‌కి పీపాల్లో వస్తుంది. పీపాను ఆరుబయట నిలబెడితే వాననీళ్ళు పైమూత చుట్టూ నిలుస్తాయి. పగలు వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి ముడుచుకున్నప్పుడు మూత దగ్గరి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. సీలు బిగించే ఉంది కదా అంటే కుదరదు. పీపాను పడుకోబెట్టి, బిరడాలు రెండూ ఇంధనం మట్టానికి కిందుగా ఉండేలా పక్కలకు తిప్పి పెట్టాలి. ఈ సంగతి తెలిసిన స్టోర్‌కీపర్లను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నీరు ఇంధనం కంటే బరువు, అడుగుకు చేరుతుంది. అందుకే ప్రతి ఉదయం, ఇంధనం పోసిన ప్రతిసారీ, అడుగు డ్రెయిన్లలోంచి పారదర్శకమైన కప్పులోకి కొద్దిగా తీసి చూస్తాం. 172 ఎస్‌లో అలాంటి డ్రెయిన్లు 13. పదమూడూ తీయడానికి ఓపిక కావాలి, చూడటానికి బుద్ధి కావాలి. కప్పులో సగం నీరు, సగం ఇంధనం ఉంటే మధ్యన గీత కనిపిస్తుంది, ఎవరైనా పట్టేస్తారు. కప్పు నిండా నీరే ఉంటే? గీత ఉండదు. తేటగా, చక్కగా కనిపిస్తుంది. రంగు చూడనివాడు, వాసన చూడనివాడు "క్లీన్ సార్" అని పారబోస్తాడు. అరచేతిలో ఒక చుక్క వేసుకుంటే పెట్రోలయితే చల్లగా తగిలి ఆరిపోతుంది, నీరయితే నిలుస్తుంది. చేయి వెంటనే కడుక్కోవాలని కూడా చెప్పాలి. ఏవ్‌గ్యాస్‌లో సీసం ఉంటుంది. గ్లవ్స్ లేకుండా ఏళ్ళ తరబడి ఆ కప్పు పట్టుకున్న హెల్పర్ల ఆరోగ్యం మీద మీ శాఖ ఒక కన్నేస్తే ధన్యులం.

ఇంకో కొత్త బెడద ఉంది. దేశంలో బంకుల్లో పెట్రోలు ఇప్పుడు 20 శాతం ఇథనాల్‌తో వస్తోంది. ఏవ్‌గ్యాస్ దొరకని రోజున, ధర చూసి గుండె జారిన రోజున, కారు పెట్రోలు పోస్తే ఏమవుతుందన్న ఆలోచన ఎవరికీ రాదని నేను పూచీ ఇవ్వలేను. లైకమింగ్ ఇంజన్‌కి ఇథనాల్ కలిసిన పెట్రోలు నిషిద్ధం. ఇథనాల్ పాత రబ్బరు సీళ్ళను ఉబ్బించి పాడు చేస్తుంది. అంతకంటే పెద్ద దగా ఏమిటంటే నీటిని తనలో కలుపుకుని దాచేస్తుంది, మా కప్పులో గీత కనబడనివ్వదు. పైకెళ్ళి చల్లబడ్డాక నీరూ ఇథనాలూ కలిసి ఒక్కసారిగా విడిపోయి అడుగుకు దిగుతాయి. అనుమానమొస్తే గుర్తులున్న గాజు గొట్టంలో కొంచెం నీళ్ళు పోసి, మట్టం గుర్తుపెట్టుకుని, పైన పెట్రోలు పోసి కుదిపి, తేరుకోనివ్వాలి. అడుగున నీటి మట్టం పెరిగినట్టు కనిపిస్తే ఇథనాల్ ఉన్నట్టే. ఈ గాజు గొట్టం ప్రతి స్కూల్లో ఉండాలి.

తప్పుడు ఇంధనం సంగతి వచ్చింది కాబట్టి అమెరికా వైమానిక విన్యాసాల పైలట్ బాబ్ హూవర్‌ని తలుచుకోవాలి. ఆయన పిస్టన్ ఇంజన్ల ష్రైక్ కమాండర్‌లో ఒక కుర్రాడు పొరపాటున జెట్ ఇంధనం పోశాడు. టేకాఫ్ అవగానే రెండు ఇంజన్లూ చచ్చిపోయాయి, ఆయన ఎలాగో దించి బతికి బయటపడ్డాడు. తిరిగొచ్చి ఆ కుర్రాణ్ణి తిట్టలేదు, మర్నాడు తన విమానానికి అతనే ఇంధనం పోయాలని పట్టుబట్టాడు. ఆ తర్వాత జెట్ ఇంధనం గొట్టం మూతిని వెడల్పుగా, పిస్టన్ విమానం ట్యాంకు రంధ్రంలో పట్టనట్టుగా తయారుచేయడం మొదలైంది. దానికి హూవర్ పేరే పెట్టారు. జాన్ డెన్వర్ కథ అలా ముగియలేదు. ఆ గాయకుడు 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియా తీరంలో తన లాంగ్ ఈజీ విమానంతో సముద్రంలో కూలిపోయాడు. ఆ విమానంలో ఇంధనం సెలెక్టర్ పిడిని కట్టినవాడు పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు. తిప్పడానికి అందదు, బిగుసుకుని ఉంటుంది. బయలుదేరే ముందు పట్టకారుతో తిప్పే ప్రయత్నం కూడా చేశారు. పిడి అందట్లేదన్న సంగతి నేల మీద ఉండగానే అందరికీ తెలుసు. తెలిసిన సంగతి కాగితం మీదికెక్కి విమానాన్ని ఆపలేదు.

ఇక మా రైల్వే అలవాటు సంగతి. ఎక్కడైనా బండి పట్టాలు తప్పితే లోకో, క్యారేజ్ అండ్ వాగన్, పర్మనెంట్ వే, సిగ్నల్ శాఖల సూపర్‌వైజర్లు అక్కడికి చేరతారు. ఏదీ కదలకముందే హ్యాండిళ్ళు ఏ స్థానంలో ఉన్నాయి, చక్రం ఎక్కడ దిగింది, గేజి ఎంత అని కొలిచి రాస్తారు. దాన్నే జాయింట్ నోట్ అంటారు. అందరూ సంతకాలు పెడతారు, ఒప్పుకోనివాడు తన అసమ్మతిని రాసి మరీ పెడతాడు. నేనేదో రైల్వేను నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. ఆ నోట్లో ఒక శాఖ తప్పును ఇంకో శాఖ మీదికి నెట్టే యుద్ధం కూడా నడుస్తుందని మా కాలనీలో ప్రతి ఇంటికీ తెలుసు. కానీ ఆ కొట్లాట పుణ్యమా అని కొలతలు బయటపడతాయి. ఒక్కడి సంతకంతో "తనిఖీ చేశాం, బాగుంది" అని ఫైలు మూయడం కుదరదు.

చిన్న విమానం కూలిపోతే మీ విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ వస్తుంది, శకలాలు కదపొద్దంటుంది. కూలిపోకుండా దగ్గి దిగిన విమానానికి ఆ మర్యాద లేదు. కూలిపోయేది, కొన్నిసార్లు, అంతకుముందు దగ్గి దిగినదే. నేను కోరేది ఇదీ: పైన ఉండగా పవర్ తగ్గిందనో, ఇంజన్ వణికిందనో పైలట్ రాసిన ప్రతి ఫిర్యాదుకూ ఒక్క పేజీ జాయింట్ నోట్ తప్పనిసరి చేయండి. "గ్రౌండ్ రన్ సంతృప్తికరం" అన్న ఒక్క ముక్కతో అలాంటి ఫిర్యాదును మూయడం చెల్లదని డీజీసీఏ చేత ఒక ఆదేశం ఇప్పించండి. 1934 నాటి విమాన చట్టాన్ని పక్కనపెట్టి భారతీయ వాయుయాన్ అధినియమాన్ని 2025 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన శాఖకు ఒక పేజీ ఫారం ఏమంత పని?

ఆ పేజీలో ఏముండాలో ఊహాగానం కాదు, మేం రోజూ చేయాల్సిన పనే, వరస మాత్రం తప్పకూడదు. మొదట ఏదీ ముట్టుకోకుండా సెలెక్టర్, మిక్స్చర్, ప్రైమర్ ఎక్కడున్నాయో రాయాలి. స్టార్ట్‌కి ముందు ఇంధనం కొట్టే ఆ ప్రైమర్ తాళం పడక ఇంజన్ ఎక్కువ ఇంధనం తాగి తడబడటం కూడా మామూలే. తర్వాత వెంట్. ఆ తర్వాతే మూత, చప్పుడొచ్చిందా లేదా. మూత రబ్బరు, ట్యాంకులో కొలకర్ర లెక్క, దాని పక్కన గేజి చూపిన లెక్క. అప్పుడు అన్ని డ్రెయిన్లూ, చివరగా ఫైర్‌వాల్ దగ్గర అట్టడుగున ఉండే స్ట్రెయినర్ గిన్నె. ఆ గిన్నెలో దొరికినదాన్ని తెల్లగుడ్డ మీద ఆరబోసి ఉంచాలి, పారేయకూడదు. తుప్పు పొడి వేరు, రబ్బరు ముక్కలు వేరు, ట్యాంకు సీలెంట్ పొరలు వేరు, ఒక్కోటీ ఒక్కో దారి చూపిస్తుంది. రెక్క మొదట్లో, గొట్టాల అతుకుల దగ్గర ఎండిన నీలం మరకలు ఉన్నాయా చూడాలి. కారిన ఏవ్‌గ్యాస్ ఆరిపోతుంది, దాని రంగు మిగులుతుంది.

అటుపైన ప్రవాహం కొలవాలి. కార్బ్యురేటర్ దగ్గర గొట్టం విప్పి, విమానం ముక్కు పైకెత్తి, కొలత గిన్నెలోకి వదలాలి. బరువుతో దిగే వ్యవస్థలో ఇంజన్ టేకాఫ్‌లో తాగేదానికి ఒకటిన్నర రెట్లు రావాలి, పంపు ఉన్నదానిలో ఒకటింబావు. గంటకు 38 లీటర్లు తాగే ఇంజన్ అనుకుంటే నిమిషానికి దాదాపు లీటరు. దాంట్లో సగం వస్తోందంటే గ్రౌండ్ రన్ ఎంత బాగున్నా ఆ విమానం ఎగరకూడదు. ఇంత అయ్యాకే ఇంజన్ వేయాలి. ప్లగ్గులకు నిప్పురవ్వనిచ్చే రెండు మాగ్నెటోలూ విడివిడిగా చూడాలి. ఒక్కదాని మీదే వణికితే ప్లగ్గుల వైపు వెళ్ళాలి, రెండింటి మీదా ఒకేలా వణికితే ఇంధనం వైపు వెళ్ళాలి. ఆపేటప్పుడు మిక్స్చర్ మెల్లగా లాగితే ఆర్‌పీఎం కొద్దిగా లేచి పడాలి. అసలు లేవకపోతే ఐడిల్‌లో ఇంధనం తక్కువవుతోందని, మరీ లేస్తే ఎక్కువవుతోందని తెలుస్తుంది. ఈ మొత్తానికి ఒక పూట పడుతుంది.

ఆ పూటే అసలు గొడవ. పిల్లలు గంట లెక్కన కడతారు. శ్రీకాకుళంలో పొలం తాకట్టు పెట్టి వచ్చిన పిల్లవాడు తన గంటల కోసం నెలల తరబడి ఎదురుచూస్తుంటాడు. విమానం హ్యాంగర్‌లో ఉంటే స్కూలుకు నష్టం, పిల్లవాడికి బెంగ, మెకానిక్‌కి ఫోన్ల మీద ఫోన్లు. 2025లో డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్ళకు ర్యాంకులివ్వడం మొదలుపెట్టింది. మొదటి జాబితాలో పై రెండు తరగతుల్లో ఒక్క స్కూలూ లేదు. ఆ మార్కుల్లో 40 శాతం పనితీరుకు, 20 శాతం భద్రతా ప్రమాణాలకు. పిల్లలు ఎంత త్వరగా గంటలు పూర్తి చేశారన్నదే బరువైన లెక్కయితే, ఇంధన లోపం వెతకడానికి ఒక పూట విమానాన్ని ఆపిన స్కూలు వెనకబడుతుంది. ఆ పూటను భద్రత ఖాతాలో మార్కుగా రాయండి. పూర్తి చేసిన జాయింట్ నోట్లు ఎక్కువున్న స్కూలును అనుమానంగా చూడకండి. ఒక్కటీ లేని స్కూలుకు మీ ఇన్‌స్పెక్టర్‌ను పంపండి.

ఆ నోట్లను పేర్లు తీసేసి ప్రతి మూడు నెలలకూ అన్ని స్కూళ్ళకూ పంచాలి. ఒక చోట కందిరీగ మట్టి దొరికితే బేగంపేటలో ఉన్నవాడూ వెళ్ళి తన వెంట్ చూసుకుంటాడు. తెలుగులో, హిందీలో పంచితే ఇంధనం పోసేవాళ్ళూ చదువుతారు. తయారీదారు మాన్యువల్ ఇంగ్లీషులోనే ఉండనివ్వండి, దానితో నాకు పేచీ లేదు.

మా చకర్‌భఠా విమానాశ్రయానికి బిలాసా దేవి కేవట్ పేరు పెట్టారు. 2021 మార్చి 1న అక్కడి నుంచి ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. ఊరంతా ఏళ్ళ తరబడి అడిగితే వచ్చిన సౌకర్యమది. రేపో ఎల్లుండో ఇలాంటి ఊళ్ళలో ఫ్లయింగ్ స్కూళ్ళూ వస్తాయి, రావాలి కూడా. రైల్వే కాలనీ పిల్లలే వాటిలో చేరతారు, కొందరు పైలట్లుగా, ఎక్కువమంది హెల్పర్లుగా.

నేను రాసుకున్న జాయింట్ నోట్ నమూనా ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. అడుగున నాలుగు సంతకాలకు చోటుంది. పైలట్, ఇన్‌స్ట్రక్టర్, మెకానిక్ తర్వాత హెల్పర్ అని ఉండేది మొదట. దాన్ని మార్చాను. ఇప్పుడు హెల్పర్ అందరికంటే పైన ఉన్నాడు, అతను తను చూసిందీ విన్నదీ రాసి సంతకం పెట్టాకే మిగతావాళ్ళు పెట్టాలి. రాయడం రానివాడి మాటను ఇన్‌స్ట్రక్టర్ రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి. మీ అధికారులు ఫారం మార్చాలనుకుంటే ఏ గడినైనా మార్చుకోవచ్చు, ఆ వరస మాత్రం మార్చొద్దని మనవి.

భవదీయుడు,
బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి చెందిన ఒక విమాన మెకానిక్